పట్టాలవైపు గోడ

నూనె వేడెక్కిన వాసన…

అరచేతిలో పట్టే ఇంజను పదిసార్లు చుట్టు తిరిగాక వచ్చే వాసన. కాస్త ఇనుము, కాస్త దుమ్ము, కాస్త కాలిన దారం. తలుపు తీయగానే ముందు అదే పలకరిస్తుంది. దీపం వేసేది ఆ తర్వాతే.

పదకొండేళ్లుగా ఆ వాసనలోకే ఇంటికొస్తున్నాను.

పగలంతా కళ్లద్దాల షాపు. జనం ముఖాల మీద స్కేలు పెట్టి కంటికీ కంటికీ మధ్య దూరం కొలుస్తాను. చీమ తలంత మరలు బిగిస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ అదే పని — చిన్న మరలు, చిన్న పట్టకారు, పెద్ద భూతద్దం. "షాపులో చేసింది చాలలేదా?" అంటుంది మా ఆవిడ.

చాలలేదు.

కింది గదిలో నా రైలు ఉంది.

పదడుగుల బల్ల. దాని మీద ఒక కొండ, కొండలో సొరంగం, ఒక చిన్న స్టేషను, ఒక రైల్వే గేటు, గేటు పక్కన ఒక గది. అసలుది ఎనభై ఏడడుగులుంటే నా దగ్గర ఒక్క అడుగు. మనుషులు బొటనవేలి గోరు పొడవు. మొత్తం నూట నలభై మంది. ఒక్కరూ ఎదురు చెప్పరు.

ఎదురు చెప్పేది మా ఆవిడే.

"మీ బండి పదకొండేళ్లుగా బయల్దేరుతూనే ఉందండీ. ఏ ఊరు చేరుతుందో ఏమో!"

అంటుంది కానీ, ఆ గదిలో ఆవిడ వస్తువులు లేని చోటు లేదు. టీ వడపోసే జల్లెడ స్టేషను కంచె అయింది. పాత బ్రష్షు కుచ్చు గడ్డి అయింది. మందు సీసాల మూతలు నీళ్ల తొట్లయ్యాయి. షాపులో విరిగిన కళ్లద్దాల ముక్కలు స్టేషను కిటికీలకు అద్దాలయ్యాయి. ఎవరెవరి కళ్ల ముందు నిలబడి వచ్చిన అద్దాలో అవి! ఒక్కోసారి ఆ కిటికీల ముందు ఊరికే కూర్చుంటాను. ఎవరెవరి దగ్గర ఏమేం తీసుకున్నానో గుర్తొస్తుంది. మనసు నిండుగా ఉంటుంది.

కానీ ఆ కొండ కోసం కాదు, స్టేషను కోసమూ కాదు. ఇదంతా ఆ గేటు కోసం.

మా నాన్న గేట్‌మన్. ఆ గేటు నాన్నది. ఆ గదిలోనే నేను పుట్టాను. ఐదేళ్లొచ్చేదాకా అక్కడే ఉన్నాం. తర్వాత నాన్నకు బదిలీ అయింది. ఇప్పుడక్కడ గేటూ లేదు, గదీ లేదు. పైన వంతెన వేశారు. దాని మీద కార్లు పోతుంటాయి. కింద ఒక ఇల్లుండేదని వాటికేం తెలుసు?

ఒక్క ఫోటో మిగిలింది. రోడ్డువైపు నుంచి తీసింది. గోడ, గోడలో కిటికీ, కిటికీ పక్కన నాన్న. కిటికీ కింది అంచు నాన్న ఛాతీ దాకా ఉంది. నాన్న వెనక, చుట్టిపెట్టిన జెండా మేకుకు వేలాడుతోంది.

పట్టాలవైపు గోడ ఫోటోలో లేదు.

పట్టాలవైపు గోడ ఎక్కడా లేదు. నా తలలో తప్ప.

తలలో ఏముంది? ముందు చప్పుడు. తర్వాత పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి. వాటి కిటికీల్లో ముఖాలు — నా ముఖానికి ఎదురుగా. చుట్టూ ఏదో చట్రం. కుడి పక్కంతా వెచ్చగా…

అంతే. ఇంకేం లేదు. నాకున్న మొదటి జ్ఞాపకం అది.

జ్ఞాపకాన్ని నమ్మి ఊరుకునే మనిషినైతే బాగుండేది. కానీ నేను కొలతల మనిషిని. కాగితం మీద పెట్టాను.

అది కిటికీ అయితే కింది అంచు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. ఇలాంటి గదులన్నీ ఒకే నమూనాలో కడతారు కాబట్టి అటు గోడకూ అదే ఎత్తు. మూడేళ్ల పిల్లాడి కన్ను మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. కాబట్టి ఆ పిల్లాడు కిటికీలోంచి బండిని చూడలేడు. కానీ చూశాడు. కాబట్టి అది కిటికీ కాదు, తలుపు. పిల్లాడు గుమ్మంలో నిలబడ్డాడు. కుడి భుజం ద్వారబంధానికి ఆనించాడు. సాయంత్రం ఎండకు ద్వారబంధం కాగి వెచ్చగా ఉంది.

ఎంత చక్కని లెక్క!

పట్టాలవైపు గోడకు తలుపు పెట్టాను. పడమటి ఎండ పడేలా గదిని కాస్త తిప్పాను. ద్వారబంధం ఒక పక్క ఎండకు వెలిసినట్టు రంగు కూడా వేశాను. ఒక్క గదికి పది నెలలు పట్టింది. అది అగ్గిపెట్టె కంటే చిన్నది.

అక్కను అడిగితే ఒక్క మాటలో తేలిపోయేది. అడగలేదు. అంతా పూర్తయ్యాక తీసుకొచ్చి చూపించాలని నా ఆశ. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు పూర్తవడం అనేది ఉండదు. ఒక చెట్టు బాగా లేదనిపిస్తుంది. పీకి మళ్లీ నాటుతాం. ఈలోపు పక్క చెట్టు బాగా లేదనిపిస్తుంది.

అక్క…

నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్నకు గేటు. నాకు అక్క. నన్ను పెంచడానికి అక్క బడి మానేసింది. రాయడానికి ఎంత చిన్న వాక్యం! అక్కకు అది ఐదేళ్లు.

అక్క వేరే ఊళ్లో ఉంటుంది, మూడో అంతస్తులో. బావ పోయాక కూడా అక్కడే ఉంది. గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే చిన్న కొట్టు నడుపుతుంది. మొన్నామధ్య పై అరలోని గుండీల డబ్బా అందుకోబోయి స్టూలు మీంచి పడింది. ఎడమ తుంటి విరిగింది. ఆపరేషను చేసి కొత్త కీలు వేశారు. మూడు నెలలు మెట్లు ఎక్కకూడదన్నారు. వాకరు పట్టుకునే నడవాలన్నారు.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ అంది —

"వదినని మనింటికే తీసుకెళ్దామండీ. కింది గదిలో ఉంటుంది."

"సరే," అన్నాను.

కానీ వెంటనే అనలేదు.

అర క్షణం ఆగాను.

ఆ అర క్షణంలో కొండ కనిపించింది. సొరంగం కనిపించింది. పదకొండేళ్లు కనిపించాయి. మా ఆవిడ గమనించలేదు. గమనించినా పైకి అనలేదు. నేను మాత్రం గమనించాను. నన్ను పెంచిన మనిషికి ఒక గది ఇవ్వడానికి అర క్షణం!

సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

సిగ్గుపడుతూనే మర్నాడు టేపు తీసుకుని గది కొలిచాను. నా బుద్ధి అంతే. గది పటం గీశాను. మంచం కొలతకు ఒక కాగితం ముక్క కత్తిరించాను. వాకరుకు ఇంకో ముక్క. మంచం పక్కన మూడడుగులు ఖాళీ ఉండాలని నర్సు మరీమరీ చెప్పింది. కాగితపు మంచాన్ని ఇటు జరిపాను. అటు జరిపాను. నిలువుగా, అడ్డంగా, మూలకు… బల్ల కిందికి సగం దూర్చి కూడా చూశాను. రైలును కొయ్యకుండా అక్క పట్టే దారి ఏదైనా దొరుకుతుందేమోనని.

మా ఆవిడ వెనక నిలబడి కాసేపు చూసింది.

"మంచం కాగితం కాదు. వదిన బొమ్మ కాదు," అంది.

వెళ్లి రంపం తెచ్చి బల్ల మీద పెట్టింది. కోపంగా పెట్టలేదు. దాని పక్కనే టీ గ్లాసు కూడా పెట్టింది.

షాపుకు సెలవు చెప్పాను.

ఎక్కడ కొయ్యాలి? స్టేషను మధ్యలోనా? గేటు మీదుగానా? గేటు దగ్గరికి చెయ్యి పోలేదు. కొండనే కోద్దామనుకున్నాను. ముందు పట్టాలు, సన్న రంపంతో. కీచుమని చిన్న చప్పుడు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చప్పుడుకు మా ఆవిడ చెవులు మూసుకోవడం మొదటిసారి చూశాను. అంటే ఆవిడకూ బాధగానే ఉందన్నమాట. ఆ సంగతి తెలిశాక నా చెయ్యి కాస్త తేలికైంది.

తర్వాత కొండ.

పైన సున్నం పూత. లోపల పాత న్యూస్‌పేపర్లు, జిగురు, తీగవల. అంత అందమైన కొండ కడుపులో ఉన్నది ఇదే. సగం దాకా వచ్చాక రంపం దేనికో తగిలి ఆగింది. వేళ్లు పెట్టి లాగాను.

నా స్క్రూడ్రైవరు!

ఆరేళ్ల కిందట పోయింది. షాపులో నాతో పనిచేసే అతను కాజేశాడని ఆరేళ్లుగా లోలోపల అనుకుంటున్నాను. అతనితో కలిసి టీ తాగుతూనే అనుకుంటున్నాను.

"కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట," అంది మా ఆవిడ.

నవ్వొచ్చింది. రంపం పట్టుకుని, మొహం నిండా సున్నంతో, ఇద్దరం తెగ నవ్వుకున్నాం. మర్నాడు షాపులో అతనికి టీ నేనే ఇప్పించాను. ఎందుకు ఇప్పించానో అతనికి తెలియదు.

సగం బల్లను హాల్లో బీరువా వెనక నిలబెట్టాం. గేటున్న సగం గోడకు బిగించి ఉంది కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. దాని పక్కనే అక్క మంచం. ఇన్నాళ్లూ గుండ్రంగా తిరిగిన లైను ఇప్పుడు ఐదడుగుల ముక్క. బండి కోసిన అంచు దాకా వెళ్లాలి, ఆగాలి, వెనక్కి రావాలి. కింద పడకుండా అంచున ఒక చెక్కముక్క అతికించాను.

బాధ లేదా అంటే — ఉంది. అబద్ధమెందుకు?

అక్క వచ్చింది. రెండు రోజులు నొప్పి, మాత్రలు, నిద్ర. వాకరుతో నాలుగడుగులు, మళ్లీ మంచం. మా ఆవిడ ఒక పక్క, నేనొక పక్క. అక్క బరువు ఇంత తక్కువని నాకప్పటిదాకా తెలియదు.

మూడో రోజు పొద్దున్న మంచినీళ్లు తీసుకెళ్లేసరికి అక్క తల పక్కకు తిప్పి ఉంది. ఆ మంచం ఎత్తెక్కువ. దిండు మీద అక్క కళ్లు సరిగ్గా పట్టాల ఎత్తులో ఉన్నాయి. పదకొండేళ్లు నేను పైనుంచే చూశాను, కాకి చూసినట్టు. ఆ ఊరి నేల మీద నిలబడి చూసింది అక్కే.

"ఇది మన గేటు కదరా!"

గ్లాసులో నీళ్లు తొణికి నా కాళ్ల మీద పడ్డాయి.

"అదిగో, నాన్న జెండా తగిలించే మేకు… అది కూడా పెట్టావా? ఏదీ, ఆ గది ఇలా ఇవ్వు."

ఆ గదిని నేను ఎవరి చేతికీ ఇవ్వను. దుమ్ము కూడా కుంచెతో దులుపుతాను. ఇచ్చాను. గుండీలు లెక్కపెట్టి లెక్కపెట్టి అలవాటైన వేళ్లు అక్కవి. గది వాటి మధ్య భద్రంగా కూర్చుంది. మెల్లగా తిప్పింది. ఒక గోడ, ఇంకో గోడ… పట్టాలవైపు గోడ దగ్గర ఆగింది.

"ఇటు తలుపేంటి?"

"తలుపే కదక్కా."

"ఇటు తలుపెక్కడిదిరా? ఇటు తలుపుంటే నువ్వు బతికుండేవాడివా?"

అటు కిటికీయేనట. రోడ్డువైపు ఉన్నలాంటిదే. అంతే ఎత్తున.

నేను ఊరుకోలేదు. ఫోటో తెచ్చాను. స్కేలు తెచ్చాను. నాలుగడుగులు, మూడడుగులు, పిల్లాడి కన్ను, కిటికీ అంచు… అద్దాల నంబరు మీద పేచీ పెట్టే మనిషికి నచ్చజెప్పినట్టు ఓపిగ్గా నచ్చజెప్పాను. నేను కిటికీలోంచి బండిని చూసే అవకాశమే లేదని, నన్ను పెంచిన అక్కకు, స్కేలు పెట్టి రుజువు చేశాను.

అక్క అంతా విన్నది.

"అసలు నువ్వు నేల మీద ఎప్పుడున్నావురా? నా చంక దిగితే కదా!" అంది.

…

నాలుగడుగుల కిటికీ.

కిటికీ ముందు పదిహేనేళ్ల అమ్మాయి.

అమ్మాయి చంకలో మూడేళ్ల పిల్లాడు. పిల్లాడి కళ్లు సరిగ్గా కిటికీ మధ్యలో ఉంటాయి. స్కేలు అవసరం లేకుండానే అన్ని కొలతలూ కుదిరిపోయాయి.

కుడి పక్క వెచ్చగా ఉన్నది ఎండ కాదు.

ద్వారబంధం కాదు, గోడ కాదు.

అక్క.

పది నెలలు కూర్చుని అక్కకు నేను ఎండ రంగు వేశాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. "చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు కదా వదినా! మనింట్లో చంకలో ఉన్న పిల్లాడే పదకొండేళ్లు వెతికాడు," అంది.

అక్క పగలబడి నవ్వింది. కుట్లు లాగి అబ్బా అంది. "నవ్వించకే తల్లీ," అంటూ మళ్లీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, మంచం అంచున కూర్చుని చెప్పేశాను.

"అక్కా… నిన్నిక్కడికి తెద్దామన్నప్పుడు నేను వెంటనే సరే అనలేదు. అర క్షణం ఆగాను. ఈ బొమ్మ కొండ గుర్తొచ్చి."

పోనీలేరా అంటుందనుకున్నాను. అలా అంటే నా సిగ్గు అలాగే ఉండిపోయేది.

"అర క్షణమేనా?" అంది అక్క. "నాకు రోజుకు పదిసార్లు అనిపించేదిరా, నిన్ను కింద పడేసి పోదామని. చెయ్యి లాగేసేది. పట్టాలకు అటుపక్కే బడి. నా ఈడు పిల్లలు పోతూ కనపడేవాళ్లు. ఈ బండి వెళ్లాక దించేద్దాం అనుకునేదాన్ని. అది వెళ్లీ వెళ్లకముందే ఇంకో బండికి గంట మోగేది."

గుండీ సైజు చెప్పినట్టు మామూలుగా చెప్పింది. నీళ్లు తాగి గ్లాసు నాకిచ్చింది.

నేను ఇన్నాళ్లూ అక్కను దేవత అనుకున్నాను. దేవతకు చెయ్యి లాగదు. దేవతకు పిల్లాణ్ని మోయడం పెద్ద పనేం కాదు. కానీ అక్క చెయ్యి లాగిన పిల్ల. బడి వంక చూసిన పిల్ల. దించేద్దామనుకుని — దించని పిల్ల. రోజుకు పదిసార్లు. అలా ఎన్ని రోజులు! ఆ కష్టం ఎంతదో తెలిశాక గానీ నా అదృష్టం ఎంతదో నాకు తెలియలేదు. అక్క పాదాల దగ్గర దుప్పటి సర్దాను. ఆ క్షణానికి నాకు చేతనైంది అదే.

ఆ ఆదివారం తలుపు ఊడదీశాను. సందు పూడ్చాను. ఎండ రంగు గీకేశాను. గదిని తిన్నగా తిప్పాను. కిటికీ కోశాను, అక్క చెబుతుంటే.

"ఇంకాస్త వెడల్పు… ఆఁ, చాలు. చువ్వలు నాలుగు కాదురా, మూడు. మధ్యది వంగి ఉండేది. నువ్వు తల దూర్చి వంచేశావని నాన్న అనేవాడు. వట్టి అబద్ధం. నువ్వు పుట్టకముందే వంగింది."

వెంట్రుకంత రాగి తీగ. దాన్ని వంచాలి, మరీ వంచకూడదు. మూడుసార్లు విరిగింది. నాలుగోసారి అక్క "అదీ!" అంది.

గదిని మళ్లీ గేటు పక్కన నిలబెట్టాను. కానీ కిటికీ కోయడానికి ఊడదీసిన రోడ్డువైపు గోడ తిరిగి అతికించలేదు. అది అక్క మంచంవైపు ఉంటుంది. అది లేకపోతే, దిండు మీంచి చూసినప్పుడు గదిలోంచి, కిటికీలోంచి, అవతలి పట్టాల దాకా కనపడుతుంది. ఫోటోలో ఉన్నది ఆ గోడొక్కటే. నాకు ఖాయంగా తెలిసిన గోడా అదొక్కటే. దాన్నే తీసి డబ్బాలో పెట్టాను.

"బండి వదలమంటారా స్టేషన్‌మాస్టరుగారూ?" మా ఆవిడ మీట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

నేను మంచం తలవైపు మోకాళ్ల మీద కూర్చున్నాను. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు. అక్కణ్నుంచి దుప్పటి అంచు తప్ప ఏమీ కనపడలేదు.

"అక్కడేం కనపడుతుందిరా? ఇలా రా," అంది అక్క.

పళ్లు బిగబట్టి, మెల్లగా పక్కకు జరిగింది. దిండు మీద చోటు చేసింది. నేను తల ఆనించాను. అక్క చెయ్యి నా వీపు మీదుగా వచ్చి భుజం దగ్గర ఆగింది.

ముందు చప్పుడు.

తర్వాత ఇంజను కిటికీలోకి వచ్చింది… వెళ్లిపోయింది. ఒక పెట్టె. వంగిన చువ్వ వెనక ఇంకో పెట్టె. ఇంకొకటి. అంతే. మూడు పెట్టెల బండి. చెక్కముక్క దాకా వెళ్లి ఆగింది.

"కనిపించిందా?" అంది అక్క.

కనిపించింది. అంతా కనిపించింది.

"లేదక్కా," అన్నాను.

"దొంగ వెధవా. అప్పుడూ ఇలాగే అనేవాడివి," అంది.

చెయ్యి మాత్రం తీయలేదు.

మా ఆవిడ మీట ఇటు తిప్పింది. బండి వెనక్కి బయల్దేరింది…